సైన్యం పట్టుకుపోయిన సొత్తుకి బిల్లు ఎవరు కట్టాలి?

యుద్ధంలో సైన్యం ఒక వ్యాపారి బండ్లు ఆపి సరుకుతో సహా పట్టుకుపోతే ఆయన ఎవరి మీద కేసు వెయ్యాలి? అమెరికా సుప్రీంకోర్టు 1851లో దీనికి ఇచ్చిన జవాబు ఇప్పుడు చదివినా వింతగానే ఉంటుంది, పట్టుకుపోయిన ఆఫీసర్ మీదే వెయ్యొచ్చు అంది. ఆ కేసు పేరు మిచెల్ వర్సెస్ హార్మనీ. హార్మనీ అనే వ్యాపారి 1846 మే నెలలో మిస్సోరి నుంచి బండ్ల నిండా సరుకుతో శాంటా ఫే మీదుగా మెక్సికోలోని చివావా వైపు బయల్దేరాడు, అప్పటికి మెక్సికోతో యుద్ధం మొదలైందన్న కబురే ఆ దారిలోకి రాలేదు. తర్వాత అమెరికా సైన్యం వెనకాలే వచ్చి అతన్ని కలుపుకుంది, కొన్నాళ్ళు సైన్యం వెనకే నడుస్తూ అతను వ్యాపారం చేసుకున్నాడు, తీరా కల్నల్ డోనిఫన్ దళం శత్రువుల ఇలాకాలోకి ఇంకా లోపలికి వెళ్దాం అనేసరికి నేను రాను, ఇక్కడే ఆగిపోతాను అన్నాడు. కుదరదన్నారు. డోనిఫన్ ఆర్డర్ ప్రకారం మిచెల్ అనే ఆఫీసర్ ఆ బండ్లని, కంచరగాడిదల్ని, సరుకుని బలవంతంగా సైన్యంతో నడిపించాడు. 1847 ఫిబ్రవరి 28న చివావా దగ్గరున్న శాక్రమెంటోలో జరిగిన యుద్ధంలో ఆ బండ్లనే అడ్డుగోడలా వాడుకున్నారు. చివావా చేతికొచ్చింది, కొన్ని వారాలకి సైన్యం ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయింది, జంతువులు చాలావరకు పనికిరాకుండా పోయాయి, సరుకు అక్కడే వదిలెయ్యాల్సొచ్చింది, మెక్సికన్లు తిరిగొచ్చాక అదంతా పోయినట్టే.

హార్మనీ న్యూయార్క్ వచ్చి మిచెల్ మీద దావా వేశాడు. మిచెల్ వైపు వాదనలు అందరూ ఊహించేవే: శత్రువుతో వ్యాపారం చేస్తాడని అనుమానం ఉంది, సరుకు శత్రువు చేతిలో పడుతుందేమోనని భయం ఉంది, సైన్యానికి బండ్లు అవసరం పడ్డాయి, పైగా నేను పైవాడు చెప్పిందే చేశాను. చీఫ్ జస్టిస్ టేనీ ఒక్కటీ ఒప్పుకోలేదు. ప్రమాదం నిజంగా ముంచుకొచ్చినప్పుడు, ఇంకో దారి చూసుకునే టైం లేనప్పుడు ఆఫీసర్ ప్రైవేటు సొత్తు తీసుకోవచ్చు, అప్పుడు అతని తప్పేమీ ఉండదు, గవర్నమెంటే యజమానికి పూర్తి డబ్బు కట్టాలి అన్నాడు. కానీ ఇక్కడ అలాంటి తొందరేమీ లేదు, దూరాన ఉన్న ఊరిని పట్టుకోవాలన్న ప్లాన్‌కి సౌకర్యంగా ఉంటుందని తీసుకున్నారు, అది అవసరం కిందకి రాదు. పైవాడి ఆర్డర్ చట్టవిరుద్ధమైతే కిందవాడికి అది రక్షణ కాదు అని కూడా తేల్చేశాడు. తీర్పు మొత్తం 90 వేల డాలర్ల పైమాటే, ఆ రోజుల్లో ఒక సైనికాధికారి జీవితాంతం జీతం కూడబెట్టినా తీర్చలేని సొమ్ము. చివరికి కాంగ్రెస్ మిచెల్ పేరు మీద ప్రత్యేకంగా చట్టం చేసి ఖజానా నుంచి కట్టింది. అంటే గవర్నమెంట్ చుట్టూ తిరిగొచ్చి తనే కట్టింది, కాకపోతే అది బాధ్యతగా కాదు, దయగా.

ఈ దయకీ బాధ్యతకీ మధ్య తేడాలోనే ఈ సబ్జెక్ట్ మొత్తం ఉంది. సైన్యం తీసుకుని వాడుకుంటే అది గవర్నమెంట్ అప్పు, యుద్ధం జరుగుతుంటే పాడైపోతే అది యజమాని ఖర్మ, చాలా దేశాల చట్టం స్థూలంగా ఇలాగే చెప్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కేంటంటే ఈ రెంటి మధ్యలో పెద్ద మసక ప్రాంతం ఉంది, శత్రువుకి దొరక్కూడదని మనవాళ్ళే తగలబెట్టినవి, రసీదు ఇవ్వకుండా తోలుకుపోయినవి, సోల్జర్ సొంతానికి జేబులో వేసుకున్నవి, ఇవి ఏ ఖాతాలోకి వస్తాయో యుద్ధం అయిపోయాక తీరిగ్గా కూర్చుని తేల్చేది ఎవరయ్యా అంటే డబ్బు కట్టాల్సినవాళ్ళే.

ఇంగ్లండ్‌లో ఈ లెక్క చాలా పాతది. 1606 నాటి సురేకారం కేసులో, తుపాకి మందు కోసం రాజుగారి మనుషులు ఎవరి దొడ్లోనైనా తవ్వుకోవచ్చు గానీ తవ్విన చోటు మళ్ళీ ఎప్పట్లా చేసి వెళ్ళాలి అని జడ్జీలు చెప్పారు. అక్కడినుంచి మూడొందల ఏళ్ళు దాటితే 1916, లండన్‌లో థేమ్స్ ఒడ్డున డి కైజర్స్ రాయల్ హోటల్ అని ఒకటి ఉండేది, దాన్ని అప్పటి బ్రిటిష్ విమాన దళం రాయల్ ఫ్లయింగ్ కార్ప్స్ హెడ్‌క్వార్టర్స్ కోసం తీసేసుకున్నారు. అద్దె అడిగితే హక్కుగా ఏమీ రాదు, మేం దయతలచి ఇస్తే తీసుకోండి అన్నట్టు మాట్లాడారు, దేశ రక్షణకి రాజుకి ఉన్న విశేషాధికారం అది అన్నారు. పార్లమెంటు పై సభే అప్పట్లో అక్కడి అతి పెద్ద కోర్టు కూడా, ఆ హౌస్ ఆఫ్ లార్డ్స్ 1920లో దాన్ని కొట్టేసింది. పార్లమెంటు 1842లోనే డిఫెన్స్ యాక్ట్ చేసి ఇలా తీసుకుంటే డబ్బు కట్టాలని రాసిపెట్టాక, ఆ చట్టాన్ని పక్కనపెట్టి పాత రాజాధికారం బయటికి తీస్తామంటే చెల్లదు అంది. ఇక్కడిదాకా పౌరుడిదే పైచెయ్యి. అయితే అది హోటల్, లండన్ నడిబొడ్డున నిలబడే ఉంది, ఆఫీసర్లు అందులో కుర్చీలేసుకుని కూర్చున్నారు, వాడుకోలేదని ఎవరూ అనలేరు.

బర్మా కథ అలా కాదు. 1942 మార్చి 7న, జపాన్ సైన్యం రంగూన్‌లోకి అడుగుపెట్టడానికి సరిగ్గా ఒకరోజు ముందు, బ్రిటిష్ కమాండర్ ఆర్డర్ మీద అక్కడి ఆయిల్ రిఫైనరీలు, స్టోరేజీ ట్యాంకులు, రేవు కట్టడాలు పేల్చేశారు. ఏప్రిల్‌లో పైన యెనాన్‌జావ్ ఆయిల్ బావులకీ అదే గతి. శత్రువుకి చుక్క ఆయిల్ కూడా దక్కకూడదన్నదే ఉద్దేశం, యుద్ధం కోణంలో చూస్తే తప్పుపట్టడానికి లేదు. ఆ రంగూన్ మనవాళ్ళకి కొత్త ఊరు కాదు, కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి "రంగం" వెళ్ళినవాళ్ళు ఉత్తరాంధ్రలో, గోదావరి వైపు వేల కుటుంబాల్లో ఉన్నారు, కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, రేవుల్లో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది వీళ్ళే. ఆ ఏడాది భారతీయులు నాలుగైదు లక్షలమంది అరకాన్ వైపు నుంచి, మణిపూర్ కొండల మీద నుంచి నడిచి వచ్చారని అంచనా, దారిలో వేలమంది పోయారు. అక్కడ వదిలేసి వచ్చిన గుడిసె, పశువు, చిట్టీ డబ్బు, కొట్లో సరుకు, ఇవేవీ హౌస్ ఆఫ్ లార్డ్స్ మెట్లెక్కలేదు. ఎక్కింది ఆయిల్ కంపెనీ.

బర్మా ఆయిల్ కంపెనీ గ్లాస్గోలో రిజిస్టరైన స్కాటిష్ కంపెనీ. యుద్ధం తర్వాత దానికి బ్రిటిష్ గవర్నమెంట్ 47.5 లక్షల పౌండ్లు ఇచ్చింది, అది కూడా దయగానే. కంపెనీ లెక్క ప్రకారం నష్టం 3 కోట్ల 10 లక్షల పౌండ్ల పైన. స్కాట్లండ్ చట్టంలో ఇలాంటి దావాకి గడువు 20 ఏళ్ళు, ఆ గడువు ఇంకా మిగిలుండటంతో కంపెనీ, దాని అనుబంధ కంపెనీలు 1960ల మొదట్లో ఎడిన్‌బరో కోర్టుకి వెళ్ళాయి. కింద జడ్జి కంపెనీ వైపు, పై బెంచ్ గవర్నమెంట్ వైపు, చివరికి 1964 ఏప్రిల్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు ఇద్దరుగా చీలి కంపెనీని గెలిపించింది. గెలిపించినవాళ్ళలో లార్డ్ రీడ్ తదితర జడ్జీలు చెప్పింది సింపుల్‌గా ఇది: ఆర్డర్ చట్టబద్ధమే, రాజాధికారం కిందే ఇచ్చారు, కానీ దేశం మొత్తం మంచికోసం ఒకడి సొత్తు నాశనం చేస్తే ఆ భారం దేశం మొత్తం మొయ్యాలి. పోరాడుతుంటే తగిలిన గుండుకి, కూలిన గోడకి డబ్బు అడగలేరు, అది యుద్ధ నష్టం. కానీ ఒక ప్లాన్ ప్రకారం, శత్రువుకి దక్కకూడదని కూర్చుని ఆలోచించి పేల్చింది యుద్ధ నష్టం అవ్వదు.

ఒప్పుకోని ఇద్దరు జడ్జీల్లో ఒకరైన లార్డ్ రాడ్‌క్లిఫ్ మాటలో కూడా విషయం లేకపోలేదు. ఇలాంటి విధ్వంసానికి రాజు డబ్బు కట్టినట్టు చరిత్రలో ఎక్కడా ఉదాహరణ కనపడదు, శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడు చేసిన పనిని ఆస్తి కొనుగోలులా చూడటం ఏంటి అన్నది ఆయన ధోరణి. ఇంకో అడుగు ముందుకేస్తే అసలు ప్రశ్న వస్తుంది, మనవాళ్ళు పేల్చకపోయినా మర్నాడు జపాన్‌వాళ్ళ చేతికి పోయేదే కదా, అప్పుడు మార్చి 7న ఆ రిఫైనరీ విలువెంత? గెలిపించిన జడ్జీలు కూడా ఎంత కట్టాలన్నది తేల్చలేదు, ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవచ్చని తలుపు తెరిచే ఉంచారు. కాబట్టి కంపెనీకి 3 కోట్లూ వచ్చేసేవని కాదు.

అసలు ఏమీ రాలేదు. పార్లమెంటు 1965లో వార్ డ్యామేజ్ యాక్ట్ పాస్ చేసింది, యుద్ధంలో గానీ యుద్ధం వస్తుందన్న అంచనాతో గానీ ప్రభుత్వం చట్టబద్ధంగా చేసిన పనుల వల్ల ఆస్తి పాడైనా నాశనమైనా కామన్ లా (కోర్టు తీర్పుల నుంచి వచ్చిన చట్టం) కింద ఎవరికీ పరిహారం రాదు, ఇది వెనకటి తేదీల నుంచే వర్తిస్తుంది, నడుస్తున్న కేసులకి కూడా. అంటే దేశంలో అతి పెద్ద కోర్టు ఇచ్చిన తీర్పుని ఏడాదిన్నర తిరక్కుండా చెరిపేశారు. ఇది ఒక్క పార్టీ పని అనుకోవడానికి లేదు, కేసు నడుస్తుండగానే కన్సర్వేటివ్ గవర్నమెంట్ కంపెనీని హెచ్చరించింది, మీరు గెలిస్తే చట్టం మారుస్తాం అని, చేసింది తర్వాత వచ్చిన లేబర్. వెనకటి తేదీతో చట్టం ఏంటని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో సభ్యులు కొంత అడ్డుపడ్డారు, దిగువ సభ కామన్స్ వినలేదు, చివరికి లార్డ్సే వెనక్కి తగ్గారు. గవర్నమెంట్ చెప్పిన కారణం మాత్రం కొట్టిపారేసేది కాదు: బర్మాలో, మలయాలో, లండన్‌లో ఇల్లు వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు, వాళ్ళందరికీ ఉన్న నిధిలోంచి తలా కొంచెం పంచారు, ఖరీదైన లాయర్లని పెట్టుకోగలిగిన ఒక్క కంపెనీకి మాత్రం పూర్తి ధర ఎందుకు కట్టాలి? రంగం నుంచి నడిచొచ్చిన కూలీని తలుచుకుంటే ఈ వాదన మీద కోపం రాదు. కానీ చట్టం రాసిన పద్ధతి చూస్తే వస్తుంది, ఎందుకంటే కంపెనీతో పాటు రేపెప్పుడో తాళాలేసుకుని పారిపోయే చిన్న మిల్లు ఓనరుకి కూడా అదే తలుపు మూసేసింది. ఒక్కటి గమనించాలి, ఆ చట్టం మూసింది పాడైనవాటికి, నాశనమైనవాటికి మాత్రమే. వాడుకోడానికి తీసుకున్నదాని జోలికి పోలేదు, డి కైజర్ హోటల్ సూత్రం అలాగే ఉంది.

రంగూన్ పేల్చివేతకి రెండు నెలల ముందే ఫిలిప్పీన్స్‌లో అమెరికా సరిగ్గా ఇలాంటి పనే చేసింది. మనీలాలో పాండకన్ దగ్గర కాల్టెక్స్ వగైరా మూడు ఆయిల్ కంపెనీల టెర్మినల్స్ ఉండేవి. జపాన్‌వాళ్ళు 1942 జనవరి 2న ఊళ్ళోకి వచ్చారు, అంతకు రెండు రోజుల ముందు, డిసెంబర్ 31న అమెరికా ఆర్మీ వాటిని పేల్చేసింది. యుద్ధం తర్వాత గవర్నమెంట్ ఏం చేసిందంటే, ఆర్మీ వాడుకున్న ఆయిల్‌కి, తగలబెట్టిన ఆయిల్‌కి, బండ్లకి డబ్బు కట్టింది, టెర్మినల్ కట్టడాలకి మాత్రం పైసా ఇవ్వనంది. 1952లో సుప్రీంకోర్టు ఏడుగురు ఇద్దరు లెక్కన గవర్నమెంట్ వైపే నిలబడింది, యుద్ధంలో కొన్ని నష్టాలు ఎవరికి పడితే వాళ్ళే మొయ్యాలి, తీసుకుని వాడుకోలేదు, శత్రువు వాడుకోకుండా చేసింది అంతే. జస్టిస్ డగ్లస్, జస్టిస్ బ్లాక్ మాత్రం, శత్రువుకి పనికొచ్చే వస్తువు కాబట్టే ప్రజల తరఫున నాశనం చేశారు, అలాంటప్పుడు ప్రజలే కట్టాలి అన్నారు. లండన్‌లో ముగ్గురు జడ్జీలు చెప్పిందీ ఇదే మాట, అక్కడ అది తీర్పయింది, ఇక్కడ అసమ్మతిగా మిగిలింది, రెండు చోట్లా కంపెనీలకి కట్టడాల డబ్బు మాత్రం రాలేదు.

పెద్ద కంపెనీల సంగతి ఇది. ఒక కోడి, ఒక పంది, రెండు బస్తాల మొక్కజొన్న పోయినవాళ్ళ సంగతి తెలియాలంటే అమెరికా అంతర్యుద్ధం తర్వాత కాగితాలు చూడాలి, వీటంత వివరంగా ఇంకెక్కడా దొరకవేమో. ఉత్తరాది సైన్యం దక్షిణాది రాష్ట్రాల్లో తిరుగుతూ ఊళ్ళ మీదే బతికింది, దారిలో కనపడ్డ గుర్రం, ధాన్యం, మాంసం అన్నీ తీసుకుంది. 1871లో కాంగ్రెస్ సదరన్ క్లెయిమ్స్ కమిషన్ అని ముగ్గురితో ఒకటి వేసింది, దక్షిణాదిలో ఉంటూ కూడా యూనియన్‌కి, అంటే ఉత్తరాది ప్రభుత్వానికి విధేయంగా ఉన్నవాళ్ళు తమ దగ్గర సైన్యం తీసుకున్న సరుక్కి డబ్బు అడగొచ్చు. 22,298 క్లెయిములు వచ్చాయి, అడిగిన మొత్తం 6 కోట్ల డాలర్లకి పైన, ఒప్పుకుని ఇచ్చింది 46 లక్షల చిల్లర. ఎందుకింత తేడా అంటే, ముందు విధేయత నిరూపించుకోవాలి, దానికి ప్రశ్నల లిస్టు చేంతాడంత, నీ కొడుకు ఎటువైపు పోరాడాడు, ఓటు ఎటువైపు వేశావు, అవతలి సైన్యానికి ఎప్పుడైనా ఏమైనా అమ్మావా. తర్వాత సాక్షులు రావాలి, తీసుకెళ్ళినప్పుడు కళ్ళారా చూసినవాళ్ళు, ఏ దళం, ఆఫీసర్ ఉన్నాడా, రసీదు ఇచ్చాడా.

జార్జియాలో లిబర్టీ కౌంటీలో బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు కూడా క్లెయిములు వేశాయి, 1864 డిసెంబర్‌లో ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం వచ్చి వాళ్ళ గుర్రాల్ని, పందుల్ని, వడ్లని ఊడ్చుకుపోయింది. వాళ్ళకి ఇంకో అడ్డంకి, బానిసగా ఉన్నవాడికి సొంత ఆస్తి ఎలా వచ్చింది అని. పొలం పని అయ్యాక మిగిలిన టైంలో సొంతంగా పండించుకున్నాం, కోళ్ళు అమ్మి గుర్రం కొనుక్కున్నాం అని వాళ్ళు చెప్పిన సాక్ష్యాలే ఇవాళ ఆ కాలం చరిత్రకారులకి పెద్ద నిధి. తమని విడిపించడానికి వచ్చిన సైన్యమే తమ గుర్రాన్ని తోలుకుపోవడం, దానికి మళ్ళీ ఆ సైన్యం తాలూకు గవర్నమెంట్ ముందే సాక్ష్యం చెప్పుకోవాల్సి రావడం, ఇంతకంటే చేదు సన్నివేశం దొరకదు.

ఆ కమిషన్ నియమాల్లో అన్నిటికంటే విచిత్రమైనది ఏంటంటే, సైన్యం అవసరానికి పనికొచ్చే సరుక్కి మాత్రమే డబ్బు. మొక్కజొన్న, మాంసం, గుర్రం, గడ్డి, కట్టెలు, వీటికి ఇస్తారు. అదే సోల్జర్ దుప్పటి, నగ, గడియారం పట్టుకుపోతే? అది దోపిడీ, సైన్యం అవసరం కాదు, కాబట్టి క్లెయిము కొట్టేస్తారు. తిరగేసి చూస్తే, సోల్జర్ చేసింది సక్రమమైతే గవర్నమెంట్ కడుతుంది, దొంగతనమైతే కట్టదు, దొంగతనానికి గురైనవాడే ఎక్కువ నష్టపోతాడు. చట్టం తర్కంలో దీనికి సమర్థన ఉంది, దొంగతనం గవర్నమెంట్ పని కాదు, ఆ మనిషి సొంత నేరం, వాణ్ణి పట్టుకో అంటుంది. యూనిఫాం వేసుకుని తుపాకి పట్టుకున్న గుంపులో వాడెవడో పేరు తెలిస్తే కదా పట్టుకోడానికి.

ఈ కన్నం పూడ్చడానికే యుద్ధ నియమాల మీద దేశాలు చేసుకున్న 1907 హేగ్ ఒప్పందం ప్రయత్నించింది. దాని నిబంధనల్లో 46వది ప్రైవేటు ఆస్తి జప్తు చెయ్యకూడదంటుంది, 47వది దోపిడీ నిషేధం. 52వది అసలు పనికొచ్చేది, ఆక్రమించిన ప్రాంతంలో సైన్యం అవసరానికి సరుకు తీసుకోవచ్చు గానీ ఆ ఊరి తాహతుకి తగ్గట్టు తీసుకోవాలి, వీలైతే అక్కడే నగదు ఇవ్వాలి, లేకపోతే రసీదు రాసిచ్చి వీలైనంత త్వరగా కట్టాలి. 53వది బండ్లు, ఆయుధాల లాంటివి ప్రైవేటువాళ్ళవైనా పట్టుకోవచ్చు, కానీ శాంతి కుదిరాక తిరిగివ్వాలి, పరిహారం తేల్చాలి. వీటన్నిటికంటే బలమైనది అసలు ఒప్పందంలోనే మూడో ఆర్టికల్, తన సైన్యంలో ఉన్నవాళ్ళు చేసిన అన్ని పనులకీ ఆ దేశం బాధ్యత వహించాలి. అన్ని పనులకీ అంటే ఆర్డర్ మీద చేసినవీ, ఆర్డర్ కాదని చేసినవీ. సదరన్ క్లెయిమ్స్ కమిషన్ దోపిడీ అని పక్కన పడేసినవి ఈ లెక్కలో బిల్లులోకి వస్తాయి.

రాసుకోవడానికి రాసుకున్నారు, వాడింది ఎప్పుడు అంటే చెప్పుకోదగ్గ ఉదాహరణ కాంగో. 1998 నుంచి 2003 దాకా ఉగాండా సైన్యం తూర్పు కాంగోలో తిరిగి బంగారం, వజ్రాలు, కలప, కాఫీ దొరికింది దొరికినట్టు తరలించింది. ఉగాండా గవర్నమెంట్ పాలసీగా ఇది చేయించిందని నిరూపణ కాలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2005లో చెప్తూనే, ఆఫీసర్లూ సోల్జర్లూ తమంతట తాము దోచుకున్నా, పైవాళ్ళ ఆర్డర్‌కి విరుద్ధంగా చేసినా ఉగాండాదే బాధ్యత అంది. డబ్బెంత అన్నది తేలడానికి ఇంకో 16 ఏళ్ళ పైనే పట్టింది. కాంగో అడిగింది 1,100 కోట్ల డాలర్లకి పైన, 2022 ఫిబ్రవరిలో కోర్టు ఇచ్చింది 32.5 కోట్లు, అందులో మనుషులకి జరిగిన నష్టానికి 22.5 కోట్లు, సహజ వనరులకి 6 కోట్లు, ఇళ్ళు, ఆస్తులకి 4 కోట్లు. ఏడాదికి 6.5 కోట్ల చొప్పున ఐదు వాయిదాలు, మొదటిది ఉగాండా కట్టింది కూడా. ఆస్తులకి 4 కోట్లే రావడానికి కారణం మళ్ళీ అదే, ఎవరి ఇల్లు, ఎంత విలువ, కాగితమేది. కోర్టు తనకి తోచిన మొత్తం ఒకటి గంపగుత్తగా వేసేసింది. ఇంకోటి, ఆ డబ్బు వెళ్ళేది కాంగో గవర్నమెంట్‌కి, గవర్నమెంట్ నుంచి ఇల్లు పోయినవాడి దాకా వెళ్ళే దారి వేరే కథ.

పోగొట్టుకున్నవాడి చేతికే డబ్బు అందిన పెద్ద ఉదాహరణ కువైట్, మన దగ్గర చాలామందికి ఇది ఇంట్లో మాట. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది, షాపులు, కార్లు, మ్యూజియంలు, బ్యాంకులు ఏవీ వదల్లేదు. అక్కడున్న లక్షా డెబ్భై వేల మంది భారతీయుల్ని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తీసుకొచ్చారు, వాళ్ళలో కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, చాలామంది కట్టుబట్టలతో దిగారు. 1991 ఏప్రిల్‌లో భద్రతా మండలి 687వ తీర్మానంలో ఇరాక్ విదేశీయులకి, కంపెనీలకి కూడా నేరుగా జరిగిన నష్టమంతా కట్టాలని రాసింది, దానికో కమిషన్ పెట్టింది, డబ్బు ఇరాక్ ఆయిల్ అమ్మకాల నుంచి తీసుకున్నారు, మొదట్లో 30 శాతం, తర్వాత 25, సద్దాం పోయాక 5, చివరికి 3. వచ్చిన క్లెయిములు దాదాపు 27 లక్షలు, కట్టిన మొత్తం 5,240 కోట్ల డాలర్లు, 2022 మొదట్లో ఆఖరి కంతు అయిపోయింది.

ఇది పనిచెయ్యడానికి కారణం ఒక చిన్న తెలివైన ఏర్పాటు. మామూలు జనాన్ని ముందు వరసలో పెట్టారు, కంపెనీలని, గవర్నమెంట్లని వెనక్కి నెట్టారు. దేశం వదిలి రావాల్సి వచ్చినవాళ్ళకి పెద్దగా రుజువులు అడక్కుండా ఫిక్స్‌డ్ రేటు పెట్టారు, ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, ఇంకే కేటగిరీలోనూ అడగను అంటే 4,000. సామాన్లు, కార్లు, బ్యాంకు డబ్బు పోయినవాళ్ళు లక్ష డాలర్ల దాకా అడిగే కేటగిరీ వేరే, అక్కడ కూడా పారిపోయినవాడి దగ్గర బిల్లులు ఉండవన్న ఇంగితంతో సడలింపు ఇచ్చారు, క్లెయిముల్ని కంప్యూటర్‌లో పెట్టి శాంపిల్ తీసి లెక్కగట్టారు. 1871లో ముగ్గురు కమిషనర్లు ఒక్కో పంది మీద విచారణ చేసినదానికీ దీనికీ పోలికే లేదు. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి, ఇరాక్ ఓడిపోయింది, దాని ఆయిల్ డబ్బు ఐక్యరాజ్యసమితి చేతిలో ఉంది, అందుకే బిల్లు వసూలైంది. ఉక్రెయిన్ కోసం హేగ్‌లో డ్యామేజ్ రిజిస్టర్ 2024 ఏప్రిల్ నుంచి క్లెయిములు తీసుకుంటోంది, కూలిన ఇళ్ళతో మొదలుపెట్టారు, కానీ రష్యా ఓడిపోలేదు, భద్రతా మండలిలో వీటో ఉంది, యూరప్‌లో స్తంభింపజేసిన రష్యా డబ్బు ముట్టుకోవాలా వద్దా అన్న దగ్గరే యూరప్ దేశాలు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నాయి.

గెలిచిన పెద్ద సైన్యాలు తమంతట తాము ఎలా కడతాయో చూడాలంటే అమెరికా ఫారిన్ క్లెయిమ్స్ యాక్ట్ ఉంది, 1942 నుంచి. విదేశంలో ఆర్మీ ట్రక్కు ఎవరి గోడనో గుద్దితే కడతారు, అదే యుద్ధంలో బాంబు పడి గోడ కూలితే కట్టరు. ఇరాక్‌లో, ఆఫ్ఘనిస్తాన్‌లో ఈ రెండో రకానికి సంతాపం పేరుతో కొంత చేతిలో పెట్టారు, మామూలుగా 2,500 డాలర్ల లోపు, అందులో తప్పు ఒప్పుకున్నట్టు ఏమీ ఉండదు. మళ్ళీ దయ.

ఇక మన దేశం. రాజ్యాంగం 300ఎ ప్రకారం చట్టం అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదు, ఆర్మీకి కూడా మినహాయింపు లేదు. భూమి, బిల్డింగులు తీసుకోవాలంటే 1952 నాటి రిక్విజిషన్ చట్టం ఉంది, అద్దె లాంటిది కట్టాలి, కుదరకపోతే ఆర్బిట్రేటర్ తేలుస్తాడు, వాడకంలో మామూలు అరుగుదల కాక పాడైతే అదీ కట్టాలి. కాగితం మీద ఆర్డర్ ఉంటే ఇదంతా బానే నడుస్తుంది. కాగితం లేని చోటే చిక్కు, అక్కడ ప్రభుత్వం పాత కవచం ఒకటి తీస్తుంది, సార్వభౌమ విధి. దీనికి పెద్ద ఉదాహరణ సైన్యానిది కాదు పోలీసులది, 1947లో మీరట్‌లో ఒక నగల వ్యాపారి దగ్గర పోలీసులు బంగారం పట్టుకుని స్టేషన్‌లో పెట్టారు, దాన్ని కాపాడాల్సిన హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడు. వ్యాపారి రాష్ట్రం మీద దావా వేస్తే సుప్రీంకోర్టు, పోలీసుల తప్పు ఉన్నా అరెస్టు, జప్తు అనేవి సార్వభౌమ విధులు కాబట్టి రాష్ట్రం కట్టక్కర్లేదంది, ఇదే కస్తూరిలాల్ కేసు. ఆ జడ్జీలకే అది నచ్చలేదు, పార్లమెంటు చట్టం చెయ్యాలని రాశారు, ఇప్పటిదాకా చెయ్యలేదు.

దాన్ని కొరికి కొరికి చిన్నది చేసిన కేసులు రెండు మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళాయి. ఒకటి ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ, ఎరువులు, ధాన్యం స్టాకు నిత్యావసర సరుకుల చట్టం కింద పట్టుకుని పట్టించుకోకుండా పాడుచేశారు, తిరిగి ఇస్తాం రండి అనేసరికి అందులో ఏమీ మిగల్లేదు. 1994లో సుప్రీంకోర్టు రాష్ట్రం కట్టాల్సిందే అంది, రాజు తప్పు చెయ్యడు అనే రోజులు పోయాయంది. రెండోది 1977లో కోయిలకుంట్ల సబ్ జైల్లో బాంబు దాడి కేసు, 2000లో తీర్పిస్తూ కస్తూరిలాల్ తీర్పుకి ఇప్పుడు పెద్ద బలం మిగల్లేదని కోర్టు చెప్పింది. కానీ నాగేంద్రరావు తీర్పు జాగ్రత్తగా చదివితే, దేశ రక్షణ, న్యాయపాలన, శాంతిభద్రతల లాంటివి ఇంకా ఆ కవచం లోపలే ఉంచారు. అంటే ఎరువుల బస్తా పోతే సరే, అదే బస్తాని సోల్జర్ తీసుకెళ్తే ప్రశ్న అలాగే ఉంది. పైగా సైన్యానికి ప్రత్యేకాధికారాలిచ్చే ఆఫ్స్పా చట్టం ఉన్న ప్రాంతాల్లో సెక్షన్ 6 ప్రకారం కేంద్రం పర్మిషన్ లేకుండా సైనికుడి మీద క్రిమినల్ కేసే కాదు, సివిల్ దావా కూడా నడవదు. 1851లో హార్మనీ వెళ్ళిన దారి అక్కడ మూసుకుపోయినట్టే, మిగిలేది హైకోర్టులో ప్రభుత్వం మీద వేసే రిట్ పిటిషన్.

ఆ రిట్ దారిలో ఈమధ్య వచ్చినవాటిలో గట్టిది 2024 నవంబర్ నాటి జమ్మూ కాశ్మీర్ హైకోర్టు తీర్పు. నియంత్రణ రేఖ దగ్గర తంగ్‌ధార్‌లో ఒకాయన భూమి 1978 నుంచి ఆర్మీ దగ్గర ఉంది, అద్దె లేదు, పరిహారం లేదు. ఆర్మీ వైపు నుంచి అసలు ఆ భూమి మా ఆధీనంలో లేదన్నారు, కోర్టు కొత్తగా సర్వే చేయించింది, రెవెన్యూ వాళ్ళు చూసి ఉందనే రాసిచ్చారు. ఆస్తి హక్కు ఇప్పుడు మానవ హక్కు స్థాయిది అంటూ అద్దె బకాయి లెక్కగట్టి నెలలోపు కట్టమని కోర్టు చెప్పింది. అది భూమి కాబట్టి కదల్లేదు, 46 ఏళ్ళ తర్వాత కూడా గొలుసు పెట్టి కొలవడానికి అక్కడే ఉంది. అదే ఏడాది అదే ఊళ్ళో ఎవరి దొడ్లోంచైనా రసీదు లేకుండా గొర్రెల్ని తోలుకుపోయి ఉంటే ఏ రెవెన్యూ ఇన్‌స్పెక్టరూ వాటిని సర్వే చేసి చూపించలేడు.